కారు పక్కన కాదు... కోట ముందు నిలబడండి!

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక హాయిల్‌లో బర్జాన్ బజారు వైపు వెళ్లి చూడండి. చుట్టుపక్కల మజ్రాల నుంచి, లేబర్ క్యాంపుల నుంచి వచ్చిన మనవాళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్లద్దాలు, జేబులో ఫోను. ఇంటికి డబ్బు పంపడం మొదటి పని. బియ్యం, పప్పు కొనుక్కోవడం రెండోది. ఈ రెండూ అయ్యాక మూడో పని మొదలవుతుంది. రోడ్డు పక్కన ఎవరిదో తెల్ల ల్యాండ్ క్రూజర్ ఆగి ఉంటుంది. యజమాని దగ్గర్లో లేడని అటూ ఇటూ చూసుకొని, బానెట్ మీద చెయ్యి వేసి ఒక ఫొటో!

నవ్వకండి. ఈ ఫొటో దిగనివాడు మనలో ఎవడున్నాడు? నేనూ దిగాను. రీలు కెమెరాల కాలంలో కడిగించిన ఫొటోలు ఇంటికి పోయే వాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లం. ఇప్పుడు వాట్సాప్‌లో క్షణంలో పోతోంది. మారింది అంతే. కారు మాత్రం అప్పుడూ మనది కాదు, ఇప్పుడూ మనది కాదు.

మా రూములో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. జగిత్యాల వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అన్న ఇలాగే కారు పక్కన నిలబడి ఫొటో పంపాడు. రోడ్లు ఊడ్చే కంపెనీలో పని ఆయనది. ఆ ఫొటో ఊళ్లో వాళ్ల అక్క కొడుకు చూశాడు. మామ బాగానే సంపాదిస్తున్నాడనుకున్నాడు. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టి, అదే కంపెనీ వీసా మీద వచ్చాడు. వచ్చిన రోజు రాత్రి క్యాంపులో పెట్టె దించుకొని, అటూ ఇటూ చూసి, "మామా, నీ కారు ఏది?" అని అడిగాడు. పన్నెండు మందిమి ఉన్నాం గదిలో. ఒక్కరం కూడా నవ్వలేదు.

అందుకే ఈ వారం ఈ ముచ్చట రాస్తున్నాను. ఫొటో దిగవద్దని కాదు. దిగాలి! పిల్లలు నాన్న మొహం మరిచిపోకుండా ఉండేది వాటితోనే కదా. కానీ హాయిల్ లాంటి ఊళ్లో ఉంటూ పరాయి కారు పక్కన నిలబడే ఖర్మ మనకేంటి? ఊరి పేరులోనే 'హాయి' ఉంది. చూసే కన్ను ఉంటే ఫొటోకు పనికొచ్చే చోట్లు ఈ ఊళ్లో బోలెడు. వాటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

ఎండ ఎటు, కొండ ఎటు?

చోటు వెతికే ముందు దిక్కులు తెలుసుకోండి. హాయిల్‌కు పడమటి వైపు పొడుగ్గా పరుచుకున్న ఎర్రటి రాతి కొండలే ఆజా కొండలు. దూరంగా ఆగ్నేయాన ఉన్నవి సల్మా కొండలు. ఊరికి తూర్పు అంచున ఉన్న గుట్ట సమ్రా. ఈ మూడూ గుర్తుంటే ఏ వేళ ఎక్కడికి పోవాలో మీకే తెలిసిపోతుంది.

పొద్దున్నే అయితే సమ్రా మీదికి వెళ్లండి. సూర్యుడు మీ వెనక నుంచి లేస్తాడు. ఆ వెలుగు ఊరి మీదుగా పోయి ఎదురుగా ఆజా కొండల మీద పడుతుంది. అవి గ్రానైటు కొండలు. ఆ కాసేపు నిప్పు కణికల్లా ఎర్రగా మెరుస్తాయి. మనిషిని పక్కగా నిలబెట్టి, ఊరూ కొండలూ వెనక వచ్చేటట్టు తీయండి. సాయంత్రం అదే చోట సూర్యుడు ఆజా వెనక దిగుతాడు. అప్పుడు ముఖం నల్లగా పడుతుంది, ఆకారం మాత్రమే వస్తుంది. అదీ బాగుంటుంది గానీ ఇంట్లో అమ్మకు మాత్రం నచ్చదు. "మొహం కనపడ్తలేదు" అంటుంది.

సమ్రాకు ఒక కథ ఉంది. దానధర్మాలకు పేరు పడ్డ హాతిం తాయి ఈ ప్రాంతం వాడే. తాయి తెగకు చెందిన కవి, ఆరో శతాబ్దం మనిషి. 1990లో జితేంద్ర 'హాతింతాయ్' సినిమా వచ్చింది, చూసినవాళ్లు మనలో చాలామంది ఉంటారు. సినిమాలో మాయలు, మంత్రాలు వేరే సంగతి. ఇక్కడివాళ్లు చెప్పేది ఏమిటంటే, ఎడారిలో దారి తప్పినవాళ్లు వెలుగు చూసి వచ్చి అన్నం తినిపోవాలని హాతిం రాత్రిళ్లు ఈ గుట్ట మీద మంట వేయించేవాడట. అతిథి వచ్చిన రోజు ఇంట్లో ఏమీ లేకపోతే తన ప్రాణం లాంటి గుర్రాన్నే కోసి పెట్టాడని ఇంకో కథ. ఆయన సమాధి అని చెప్పే చోటు తువారిన్ అనే పల్లెలో, ఆజా కొండల్లో ఉంది. పరాయి దేశంలో ఆకలితో ఉన్నవాడి కోసం మంట వేసిన గుట్ట మీద నిలబడి ఫొటో దిగుతున్నామంటే, ఆ ఫొటో కింద రాయడానికి ఒక ముచ్చట కూడా దొరికినట్టే కదా.

ఇక మధ్యాహ్నం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి రూలు. ఫొటోలకు కూడా అదే రూలు పెట్టుకోండి, సంవత్సరమంతా. నడినెత్తి మీద ఎండ ఉన్నప్పుడు కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. ఆ ఫొటో చూసి ఇంట్లో వాళ్లు "చిక్కిపోయాడు" అని ఏడుస్తారు. చలికాలంలో ఐదున్నర దాటితే వెలుగు పోతుంది. జూన్‌లో ఏడు దాకా ఉంటుంది. సూర్యాస్తమయానికి ముందు గంటే మనకు కావలసిన గంట.

మట్టి కోటలు

సాయంత్రం గంటకు హాయిల్‌లో ఆరిఫ్ కోటను మించిన చోటు లేదు. ఊరి నడుమ రాతి గుట్ట మీద పొడుగ్గా నిలబడి ఉంటుంది. పాతకాలపు కాపలా కోట. మట్టి, రాళ్లతో కట్టింది. శత్రువు వస్తున్నాడేమో చూడటానికి కట్టినా, తర్వాత రంజాన్ నెలవంకను చూడటానికి, ఇఫ్తార్ వేళకు ఫిరంగి పేల్చడానికి వాడుకున్నారు. తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్లండి. మూసి ఉన్నా దిగులు పడొద్దు, మన ఫొటోకు బయటి గోడే చాలు. పడమటి ఎండ పడితే మట్టి గోడ బంగారు రంగు తిరుగుతుంది.

ఇక్కడ మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. కోట మొత్తం రావాలని మనిషిని తీసుకుపోయి గోడకు ఆనించి నిలబెడతారు. తీసేవాడు వంద అడుగులు వెనక్కి పోతాడు. కోట వస్తుంది, మనిషి చీమంత అవుతాడు. అలా కాదు. మనిషి కెమెరాకు మూడు, నాలుగు అడుగుల దూరంలో ఉండాలి. కోట వెనక దూరంగా ఉండాలి. అప్పుడు మొహమూ వస్తుంది, కోటా వస్తుంది. జూమ్ జోలికి పోవద్దు. దగ్గరగా కావాలంటే కాళ్లతో దగ్గరికి నడవండి. ఇంకో మాట, తీసే ముందు ఫోను వెనక అద్దం చొక్కా కొసతో తుడవండి. సిమెంటు దుమ్ము, నూనె చేతులు... మన ఫోన్ల సంగతి మనకు తెలియనిదా!

కిష్లా కోట ఇంకో రకం. ఊరి మధ్యలోనే ఉంది. 1940ల్లో సైనికుల కోసం కట్టింది కాబట్టి మరీ పాతదేం కాదు. కానీ కట్టినది పాత పద్ధతిలోనే, మట్టితో. రెండంతస్తులు, ఎనిమిది బురుజులు. ఒక్కో వైపు గోడ దాదాపు 140 మీటర్ల పొడవు. గోడ వెంట నడుస్తున్నట్టు తీస్తే గోడ చివరి దాకా సాగిపోతూ చాలా బాగా వస్తుంది. తాపీ పని చేసే అన్నలకు నా మాటగా చెప్పండి, ఆ గోడ ఒకసారి దగ్గర నుంచి చూడమని. కాంక్రీటు లేకుండా, కడ్డీ లేకుండా అంత పొడవు ఎలా నిలబెట్టారో మనకంటే వాళ్లకే బాగా అర్థమవుతుంది.

పచ్చదనం కావాలంటే సమ్రా దగ్గర, మఘ్వాత్ దగ్గర పార్కులున్నాయి. శుక్రవారం సాయంత్రం కుటుంబాలతో నిండి ఉంటాయి కాబట్టి ఫొటోల కోసం అక్కడికి పోవడం నాకంత ఇష్టం లేదు. ఎందుకో కింద చెబుతాను. పార్కుకు బదులు ఆజా కొండల నడుమ ఉన్న ఉఖ్దా వైపు పోతే ఖర్జూర తోటలు, వాటి వెనక నిట్టనిలువు కొండలు. ఎడారి అంటే ఇసుకే అనుకునే మన ఊరివాళ్లు నమ్మరు!

బర్జాన్‌లో ఒక దొరసాని

బజారు పేరు బర్జాన్ అని అందరికీ తెలుసు. అది ఒకప్పటి రాజభవనం పేరని ఎంతమందికి తెలుసు? 1808లో మొదలుపెట్టి కట్టిన కోట అది. హాయిల్‌ను రషీదీ అమీర్లు ఏలిన రోజుల్లో వాళ్ల నివాసం. 1921లో హాయిల్ సౌదీ పాలకుల చేతికి వచ్చాక దాన్ని కూల్చేశారు. మరి అది ఎలా ఉండేదో మనకెలా తెలుసు? ఒక ఫొటోగ్రాఫర్ వల్ల.

1914 ఫిబ్రవరి చివర్లో గెర్ట్రూడ్ బెల్ అనే ఇంగ్లండు ఆమె ఒంటెల మీద ఎడారి దాటి హాయిల్ వచ్చింది. అమీరు ఊళ్లో లేడు, యుద్ధానికి వెళ్లాడు. వచ్చిందే గానీ ఆమెను పోనివ్వలేదు. ఊరి బయట ఒక ఇంట్లో ఉంచారు. పిలిస్తే తప్ప బయటికి పోకూడదు. ఆమెకు రావలసిన డబ్బు కూడా చేతికివ్వలేదు. పది రోజులపైన అలాగే గడిచింది. పైనుంచి అనుమతి వస్తే గానీ ఊరు దాటడానికి లేదు, రావలసిన డబ్బు రాదు... ఈ కథ మనకు కొత్తగా చెప్పాలా?

చివరికి ఒకరోజు డబ్బు ఇచ్చి, ఇక వెళ్లవచ్చన్నారు. ఇంకెవరైనా అయితే వెనక్కి చూడకుండా పరుగు తీసేవాళ్లు. ఆమె మాత్రం, ఇప్పుడు పోను, పట్టపగలు ఊరు చూసి పోతానని ఇంకొక రోజు ఉండిపోయింది. ఊరంతా తిరిగి, కోటనూ వీధులనూ ఫొటోలు తీసింది. ఏడేళ్ల తర్వాత ఆ కోట లేదు. ఆ ఫొటోలు ఇప్పుడు ఇంగ్లండులో న్యూకాసిల్ యూనివర్సిటీ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. ఒక్కసారి వెతికి చూడండి. మీరు బియ్యం సంచి మోసుకుపోయే దారి వందేళ్ల కింద ఎలా ఉండేదో కనిపిస్తుంది.

'మమ్నూ' అంటే మమ్నూయే

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఇది చదవకుండా మాత్రం ఫోను బయటికి తీయకండి.

ఈ దేశంలో కెమెరా ఫోన్ల అమ్మకాన్నే ఆపేసిన రోజులు ఉన్నాయి. 2004 చివర్లో ఆ నిషేధం ఎత్తేశారు. బహిరంగ ప్రదేశాల్లో ఫొటోలు తీసుకోవచ్చని 2006లో అనుమతి వచ్చింది. కాబట్టి కోట ముందు మీ ఫొటో మీరు దిగడం తప్పు కాదు. తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, మీ ఫొటోలో ఇంకొకరు పడినప్పుడు.

2019లో వచ్చిన బహిరంగ మర్యాద నిబంధనల ప్రకారం, అడగకుండా మనుషుల ఫొటో తీస్తే వెయ్యి రియాళ్ల జరిమానా. మళ్లీ చేస్తే రెండు వేలు. యాక్సిడెంటు జరిగిన చోట ఫోను పైకెత్తినా అంతే. అంతకంటే పెద్దది 2007 నాటి సైబర్ నేరాల చట్టం. కెమెరా ఫోనుతో ఒకరి సొంత జీవితంలోకి తొంగిచూసినట్టు రుజువైతే ఏడాది వరకు జైలు, ఐదు లక్షల రియాళ్ల వరకు జరిమానా. మన జీతం లెక్కలో చూస్తే అది ఎన్ని జన్మల సంపాదనో మీరే వేసుకోండి.

నాకు తగిలిన దెబ్బ చెబుతాను. ఒక పార్కులో ఫౌంటెన్ ముందు స్నేహితుడి ఫొటో తీశాను. వెనక చాప మీద ఒక కుటుంబం కూర్చుని ఉంది. నేను చూడనే లేదు. ఆ ఇంటాయన లేచి వచ్చాడు, కాపలాదారు వచ్చాడు. ఇఖామా చూపించమన్నారు, ఫోను తెరవమన్నారు. వాళ్ల ఎదురుగానే ఆ ఫొటోతో పాటు ఆ రోజు తీసినవన్నీ చెరిపేశాను. నాలుగు సార్లు 'మాలేష్' చెప్పుకొని బయటపడ్డాను. ఆ ఇంటాయన మంచివాడు కాబట్టి సరిపోయింది. పార్కులంటే నాకు ఎందుకు ఇష్టం లేదో ఇప్పుడు అర్థమైంది కదా. కోట గోడకు కుటుంబం ఉండదు!

కాబట్టి బటన్ నొక్కే ముందు మనిషి వెనక ఏముందో చూడండి. ఆడవాళ్లు, పిల్లలు ఉంటే ఆగండి, వాళ్లు పోయాక తీయండి. ఎవరినైనా తీయాలనిపిస్తే "ముమ్‌కిన్ సూరా?" అని అడగండి. ముసలి అరబ్బులు చాలామంది నవ్వి ఒప్పుకుంటారు. తల అడ్డంగా ఊపితే షుక్రన్ చెప్పి జరిగిపోండి. కెమెరా బొమ్మ మీద ఎర్ర గీత ఉన్న బోర్డు కనిపిస్తే అది 'మమ్నూ తస్వీర్'. పోలీసు, మిలిటరీ, ఎయిర్‌పోర్టు, ప్రభుత్వ ఆఫీసులు, కరెంటు, నీళ్ల ప్లాంట్లు... బోర్డు ఉన్నా లేకున్నా వీటి వైపు ఫోను తిప్పవద్దు. జేబులో ఇఖామా లేకుండా ఎక్కడికీ పోవద్దు.

ఒక పక్క మాట. క్యాంపులో గది బాగాలేదనో, బాత్‌రూములు పాడయ్యాయనో ఫొటో తీసేవాళ్లు ఉంటారు. ఫిర్యాదుకు అది పనికొస్తుంది కూడా. కానీ మనుషుల మొహాలు పడకుండా తీసి, ఫిర్యాదు తీసుకునేవాళ్లకే పంపండి. హాయిల్ రియాద్‌లోని మన ఎంబసీ కిందికి వస్తుంది. కోపంతో ఫేస్‌బుక్‌లో పెట్టారంటే ఫిర్యాదు పక్కకు పోయి, మీ మీదే కేసు వచ్చే ప్రమాదం ఉంది.

జుబ్బాలో పదివేల ఏళ్ల ఫొటో

రెండు రోజుల సెలవు దొరికితే, నలుగురు కలిసి బండి మాట్లాడుకోగలిగితే జుబ్బా పోయి రండి. మనం తొడుక్కునే జుబ్బా కాదు, ఊరి పేరే జుబ్బా! హాయిల్‌కు వాయవ్యంగా దాదాపు వంద కిలోమీటర్లు, నఫూద్ ఇసుక ఎడారి నడుమ. దారి పొడుగునా ఇసుక దిబ్బలు ఎర్రగా ఉంటాయి. దిబ్బ మీద కూడా పొద్దున లేక సాయంత్రమే తీయాలి. అప్పుడే నీడలు పడి ఇసుక అలలు అలలుగా కనిపిస్తుంది. తారు రోడ్డు కనిపించేంత దూరంలోనే ఉండండి. ఇసుకలో దారి తప్పితే ఇప్పుడు మంట వేయడానికి హాతిం లేడు.

జుబ్బా ఊరి పక్కన ఉమ్ సిన్మాన్ అనే కొండ ఉంది. రెండు మూపురాల ఒంటెలా ఉంటుందని ఆ పేరు. ఒకప్పుడు దాని పక్కన పెద్ద చెరువు ఉండేది. ఆ కాలపు మనుషులు రాళ్ల మీద చెక్కిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. పొడుగు కొమ్ముల ఎద్దులు, ఒంటెలు, వేటగాళ్లు, చేతులెత్తి నిలబడ్డ మనుషులు. హాయిల్‌కు దక్షిణంగా చాలా దూరంలో ఉన్న శువైమిస్‌లో సింహాలు, వేటకుక్కల బొమ్మలు కూడా ఉన్నాయి. ఈ రెండు చోట్లనూ కలిపి 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ బొమ్మల చరిత్ర పదివేల ఏళ్ల నాటిదని అంచనా. కంచె ఉంటుంది, కాపలా ఉంటుంది. రాయిని తాకవద్దు, పక్కన మీ పేరు గీకవద్దు. మన దగ్గర కోటల మీద ప్రేమికుల పేర్లు చెక్కే అలవాటు ఇక్కడ చూపిస్తే జైలే.

ఒంటెలు, గొర్రెలు కాసే తమ్ముళ్లకు ఈ కొండ మరీ మరీ చూడమని చెబుతాను. పశువుల వెనక తిరిగినవాడు, రోజంతా చూసిన జీవాన్ని రాయి మీద గీసి పెట్టాడు. ఆ పక్కన నిలబడి దిగిన ఫొటో చూపించి "ఇదీ నా పని" అని ఇంటికి చెబితే చిన్నతనం ఏముంది?

ఫొటో పంపేటప్పుడు ఎక్కడిదో రెండు ముక్కలు రాయండి, లేదా గొంతుతో చెప్పి పంపండి. మన ఊరి టైము ఇక్కడికంటే రెండున్నర గంటలు ముందు. ఇక్కడ ఐదున్నరకు ఆజా కొండల వెనక పొద్దు గుంకుతుంటే అక్కడ ఎనిమిది, పిల్లలు ఇంకా పడుకోరు. వీడియో కాల్ చేసి చూపించవచ్చు. మంచివి నాలుగు ఏరి, స్టూడియోలో ప్రింటు తీయించి, వెనక తారీఖు, చోటు రాసి, ఇంటికి పోయేవాళ్ల చేతికివ్వండి. ఫోను పగిలితే అందులో ఉన్నవన్నీ పోతాయి, గోడకు పెట్టిన ఫొటో ఉంటుంది.

మొదట్లో చెప్పిన ఆ మామ, అల్లుడు ఇప్పుడూ మా క్యాంపులోనే ఉన్నారు. పోయిన చలికాలంలో ఒక శుక్రవారం ఇద్దరినీ ఆరిఫ్ కోటకు తీసుకుపోయాను. కంపెనీ డ్రెస్సులోనే వచ్చారు, మార్చుకోమన్నా మార్చుకోలేదు. కోట వెనక పెట్టుకొని పక్కపక్కన నిలబడ్డారు. మూడు తీస్తే ఒకటి బాగా వచ్చింది. ఆ రాత్రే ఊరికి పంపారు. కాసేపటికి అక్క ఫోన్ చేసింది. స్పీకర్ పెడితే గదిలో అందరం విన్నాం.

"వెనక ఆ గోడ మట్టిదేనా తమ్మీ? మన పాతిల్లు లెక్కనే ఉన్నది..."